కల్పన అని రాసిన కాగితం

జర్మనీలో రెసిడెన్స్ పర్మిట్ పొడిగింపుకి అప్లై చేసి ఎదురుచూసేవాళ్లకి ఒక తాత్కాలిక కాగితం ఇస్తారు. పేరు ఫిక్‌త్సియోన్స్‌బెషైనిగుంగ్. మాటకి మాట పెడితే 'కల్పన ధ్రువపత్రం'. నిర్ణయం వచ్చేదాకా నా పాత పర్మిట్ ఇంకా బతికే ఉన్నట్టు ప్రభుత్వం ఊహించుకుంటుందన్నమాట. నేను కథలు రాస్తానని ఇంట్లో నవ్వుతారు గానీ, నన్నే కథ చేసిన ఘనత ఇక్కడి సర్కారుది.

ఆ కాగితమైనా అడగ్గానే రాదు. గడువుకి మూడు నెలల ముందే అప్లై చేశాను. అపాయింట్‌మెంట్ పేజీ రోజూ తెరిచి చూశాను, ఖాళీల్లేవు. ఈమెయిళ్లన్నిటికీ ఒకటే జవాబు: మీ సందేశం అందింది. ఈలోగా పాత పర్మిట్ గడువు ముగిసింది, నాయనమ్మ పోయింది. చట్టప్రకారం నేను దేశంలో ఉండొచ్చు. ఆ సంగతి రాసున్న కాగితం లేకుండా బయటికెళ్తే మాత్రం తిరిగి రానిస్తారన్న నమ్మకం లేదు. ఉద్యోగం, అద్దిల్లు అన్నీ ఇటువైపే. పెద్దకర్మ వాట్సాప్ వీడియోలో చూశాను.

ఫ్రెండ్స్‌కి చెప్తే 'అచ్చం కాఫ్కా!' అన్నారు. ఆ మాటకే ఒళ్లు మండుతుంది నాకు. కాఫ్కా పేరెత్తగానే ఇదంతా ఎవరి చేతిలోనూ లేని తలరాతలా మారిపోతుంది. ఆయన 1908 నుంచి 1922 దాకా ప్రాగ్‌లో కార్మికుల ప్రమాద బీమా సంస్థలో పనిచేశాడు. ఫైలు వెనక తెగిన వేళ్లుంటాయని తెలిసిన మనిషి.

ఇందులో మాయేం లేదు. ఇక్కడ కొత్తింట్లో దిగిన రెండు వారాల్లో పేరు నమోదు చేయించుకోవాలి. చేయించుకున్నానో లేదో, అడక్కుండానే టాక్స్ నంబరు పోస్టులో వచ్చింది. వెనకే టీవీ, రేడియో చందా ఉత్తరం: ఇంటికి నెలకి 18.36 యూరోలు. మా ఇంట్లో టీవీ లేదు, అయినా కట్టాల్సిందే. నా వివరాలు ఆఫీసు నుంచి ఆఫీసుకి ఎంత చక్కగా నడిచెళ్లాయో! తీసుకునేటప్పుడు పరిగెత్తే కాళ్లు ఇచ్చేటప్పుడే ఎందుకు కుంటుతాయి? 575 రకాల సేవల్ని 2022 చివరికల్లా ఆన్‌లైన్ చేస్తామని 2017లో చట్టం చేసుకున్నారు. గడువు తప్పింది. తప్పినందుకు ప్రభుత్వాన్ని ఎవరూ దేశం దాటించలేదు.

'లంచం లేదు కదా, లైను అందరికీ ఒకటే కదా' అంటారు మనవాళ్లు. ఒకటేం కాదు. ఆఫీసు మూడు నెలలు ఉలక్కపోతే మామూలుగా కోర్టుకెళ్లొచ్చు. అంటే లాయర్ని పెట్టుకోగలిగినవాడి ఫైలు ముందు కదులుతుంది. రసీదు ఇస్తారు కాబట్టి దాన్ని ఫీజంటున్నాం. ఆ లైన్లో నిలబడ్డ మాకేమో ఓటు లేదు. మా ఆలస్యానికి ఏ నాయకుడూ ఓడిపోడు. జబ్బంతా అక్కడుంది.

నాదీ ఒక తప్పుంది, చెప్పాలి. మా ఊళ్లో మండలాఫీసులో నాన్నకి తెలిసినాయన ఉండేవాడు. నేనే లైన్లోనూ నిలబడలేదు. ఆ లైన్లో ఎవరు నిలబడ్డారో తలెత్తి చూళ్లేదు కూడా. ఇక్కడ తెలిసినాయన లేడు కాబట్టి ఇప్పుడు కనిపిస్తోంది.

నాయనమ్మ పోయిన ఐదు వారాలకి నా కల్పన చేతికొచ్చింది, ముద్రతో సహా. దయచేసి దీన్ని కాఫ్కా అనకండి. నాకు సాహిత్యం వద్దు, కౌంటర్లో ఇంకో ఇద్దరు గుమాస్తాలు కావాలి.