వేలితో తోసేస్తే బ్యాటరీ మిగలదు

ఫోన్ పక్కన పెట్టే ముందు రీసెంట్స్ తెరిచి, అక్కడున్న యాప్‌లన్నిటినీ ఒక్కొక్కటిగా పైకి తోసెయ్యడం ఇప్పుడు ఇంటింటి అలవాటు. అంత ఓపిక లేనివాళ్లు ‘క్లియర్ ఆల్’ నొక్కేస్తారు. వెనకాల యాప్‌లు తిరుగుతుంటే చార్జింగ్ తినేస్తాయని రిపేరు షాపులో చెబుతారు, యూట్యూబ్ చిట్కాల్లో చెబుతారు, ఇంట్లో పిల్లలు పెద్దవాళ్లకు చెబుతారు. ఎంతమంది చెప్పినా తప్పు తప్పే. ఈ పనివల్ల బ్యాటరీ మిగలదు సరికదా, కొన్నిసార్లు అదనంగా ఖర్చవుతుంది. నిజంగా బ్యాటరీ తినే యాప్ మాత్రం ఈ హడావిడిలో దర్జాగా తప్పించుకుంటుంది.

అసలు రీసెంట్స్‌లో కనిపించేవన్నీ నడుస్తున్న యాప్‌లు కావు. మనం ఈ మధ్య తెరిచినవాటి జాబితా అది, అంతే. నమ్మకం లేకపోతే ఫోన్ రీస్టార్ట్ చేసి చూడండి. చాలా ఫోన్లలో ఆ పాత కార్డులు అక్కడే ఉంటాయి. ఆపేసి మళ్లీ ఆన్ చేసిన ఫోన్లో అవన్నీ అప్పుడే నడుస్తూ ఉండే అవకాశమే లేదు. అలాగే వాట్సాప్‌ను తోసేసి కాసేపు ఆగండి. మామూలుగా మెసేజ్ వస్తూనే ఉంటుంది. వెనకాల పని ఉన్న యాప్ ఆ పని చూసుకుంటూనే ఉంటుంది, పని లేనిది ఎలాగూ ఊరికే పడి ఉంటుంది. మరి మన వేలు సాధించిందేమిటి?

ర్యామ్‌లో నిశ్చలంగా ఉన్న యాప్ ప్రాసెసర్‌ను వాడుకోదు. ర్యామ్ నిండుగా ఉన్నా, ఖాళీగా ఉన్నా అది తీసుకునే కరెంటులో చెప్పుకోదగ్గ తేడా ఉండదు. చోటు చాలకపోతే, చాలాసేపటిగా వాడనివాటిని ఆండ్రాయిడే ఏరి తీసేస్తుంది. మనం తోసేసిన యాప్‌ను పది నిమిషాల్లో మళ్లీ తెరిస్తే మాత్రం అది మొదటి నుంచి లోడ్ కావాలి, ప్రాసెసర్ మళ్లీ కష్టపడాలి, డేటా మళ్లీ దిగాలి. దండగ ఖర్చంటే ఇదీ. యాప్‌లు మూసేస్తే బ్యాటరీ మిగులుతుందా అని 2016లో ఒక వినియోగదారుడు ఆపిల్‌కు మెయిల్ రాస్తే, అక్కడి సాఫ్ట్‌వేర్ అధిపతి క్రెయిగ్ ఫెడరిగీ అక్కర్లేదని ఒక్క ముక్కలో తేల్చేశారు. అప్పట్లో ఆండ్రాయిడ్ బాధ్యతలు చూస్తున్న హిరోషి లాక్‌హైమర్ కూడా, దానివల్ల పరిస్థితి కాస్త దిగజారవచ్చనే అన్నారు.

పాత ఆండ్రాయిడ్‌లో ఈ భయానికి కొంత ఆధారం ఉండేది. ఆ కాలం పోయింది. 2015లో ఆండ్రాయిడ్ 6తో డోజ్ అనే పద్ధతి వచ్చింది. స్క్రీన్ ఆపి ఫోన్ను కదపకుండా వదిలేస్తే, యాప్‌లు ఇష్టమొచ్చినప్పుడు నెట్ వాడకుండా ఆపి, మధ్యమధ్య కొద్దిసేపు మాత్రమే అవకాశమిస్తుంది. 2017లో ఆండ్రాయిడ్ 8 వెనకాల నడిచే సర్వీసులకు పగ్గాలు వేసింది. ఆ మరుసటి ఏడాది ఆండ్రాయిడ్ 9, మనం అరుదుగా తెరిచే యాప్‌లకు మరీ తక్కువ అవకాశాలిచ్చే పద్ధతి తెచ్చింది. వ్యవస్థ ఇంత చేస్తుంటే, మనం చిట్కాల దగ్గరే ఆగిపోయాం.

ఈ భయం మీద బతికిన వ్యాపారం ‘క్లీనర్’, ‘బూస్టర్’ యాప్‌లది. పక్కవాళ్లను ఆపుతానంటూ తాను రోజంతా వెనకాల తిరుగుతూ, మధ్యలో ప్రకటనలు చూపించడం వీటిలో చాలావాటి తీరు. కంచే చేను మేయడమంటే ఇదే. 2020 ఫిబ్రవరిలో, విసిగించే ప్రకటనల కారణంగా గూగుల్ ప్లే స్టోర్ నుంచి సుమారు 600 యాప్‌లను తీసేసినప్పుడు, క్లీన్ మాస్టర్ తయారుచేసిన చీతా మొబైల్ యాప్‌లూ పోయాయి. అదే ఏడాది జూన్ 29న మన ప్రభుత్వం నిషేధించిన 59 యాప్‌లలో క్లీన్ మాస్టర్, డీయూ బ్యాటరీ సేవర్, డీయూ క్లీనర్ ఉన్నాయి. నిషేధానికి చెప్పిన కారణం దేశ భద్రతే కావచ్చు. కానీ వాటిని పోగొట్టుకున్న ఫోన్లేవీ దానివల్ల మూలనపడలేదు.

ఫోన్ కంపెనీలూ తక్కువ తినలేదు. బ్యాటరీ ఎక్కువసేపు వస్తుందని చెప్పుకోవడానికి కొన్ని కంపెనీలు గూగుల్ నియమాలను మించి యాప్‌లను చంపేస్తాయి. ఆ దెబ్బ తగిలేది అవసరమున్నవాళ్లకే. బీపీ మాత్ర గుర్తుచేసే యాప్ మోగదు. బైక్ ట్యాక్సీ నడిపే కుర్రాడి ఫోన్లో డ్రైవర్ యాప్ ఆగిపోతే బుకింగ్ పక్కవాడికి పోతుంది. ‘ఫోర్స్ స్టాప్’ నొక్కితే మరీ ప్రమాదం. మళ్లీ మనంతట మనం తెరిచేదాకా ఆ యాప్ పెట్టుకున్న అలారాలు మోగవు, నోటిఫికేషన్లు రావు.

వెనకాల అల్లరి చేసే యాప్‌లు లేవా అంటే, ఉన్నాయి. ఆ ఒక్కటి మాత్రం ఒప్పుకోవాలి. వాటిని పట్టుకునే చోటు రీసెంట్స్ కాదు, సెట్టింగ్స్. బ్యాటరీ యూసేజ్ తెరిస్తే ఏ యాప్ ఎంత తిన్నదో కనిపిస్తుంది. తెరవకపోయినా పైవరుసలో కూర్చున్న షాపింగ్ యాప్, గేమ్ ఉంటే, దాని యాప్ ఇన్ఫోలోకి వెళ్లి బ్యాటరీని ‘రిస్ట్రిక్టెడ్’లో పెట్టండి, బ్యాక్‌గ్రౌండ్ డేటా తీసేయండి. లొకేషన్‌కు యాప్ వాడుతున్నప్పుడే అనుమతివ్వండి. రెడ్‌మీ, వివో, ఒప్పో, రియల్‌మీ ఫోన్లలో ఆటోస్టార్ట్ లేదా ఆటో లాంచ్ అని విడిగా ఒక సెట్టింగ్ ఉంటుంది, అక్కర్లేనిదానికి ఆఫ్ చేయండి. ఇదంతా ఒక్కసారి చేసే పని. అయితే హ్యాంగైన యాప్‌ను, పని అయిపోయాక కూడా దారి చూపిస్తూనే ఉన్న మ్యాప్స్‌ను తోసేయడంలో తప్పు లేదు.

ఇవన్నీ చేసినా చార్జింగ్ సాయంత్రానికే అయిపోతుంటే, స్క్రీన్ వెలుతురు, అందని సిగ్నల్, ముసలిదైన బ్యాటరీ, వీటిని అనుమానించండి. సిగ్నల్ బలహీనంగా ఉన్నచోట టవర్‌ను అందుకోవడానికే ఫోన్ ఎక్కువ శక్తి పెడుతుంది. క్లీనర్ యాప్ ఉంటే ఇప్పుడే అన్‌ఇన్‌స్టాల్ చేయండి, మీ అమ్మానాన్నల ఫోన్లలో కూడా. వాళ్లకు ఆ తోసే అలవాటు నేర్పింది చాలా ఇళ్లలో మనమే, మాన్పించాల్సిందీ మనమే.