ఆకాశం నుంచి పెట్టె దిగితే...

విద్యార్థులారా! మా ముదిగొండ మిరపచేలలో ఒకనాటి ఉదయం పారాచూట్‌తో ఒక పెట్టె దిగిందనుకోండి. మీరేం చేస్తారు? "విప్పి చూస్తాం మాస్టారూ!" అంటారు కదూ! కుతూహలం మంచిదే. కాని ఆ పెట్టెను విప్పితే తెలిసేది తక్కువ, పోయేది ఎక్కువ అని నా అభిప్రాయం. ఎందుకో చెబుతాను, వినండి.

ఇది కట్టుకథ కాదు. హైదరాబాదులో టాటా మౌలిక పరిశోధనా సంస్థ వారి బెలూన్ కేంద్రం ఉంది. అక్కడినుంచి హైడ్రోజన్ నింపిన పెద్ద పాలిథీన్ బెలూన్లు 30, 40 కిలోమీటర్ల ఎత్తుకు ఎగురుతాయి. పని ముగియగానే పరికరాలు విడివడి పారాచూట్‌తో దిగుతాయి. గాలివాటున 200 కిలోమీటర్ల దూరానికైనా పోవచ్చు. మన ఖమ్మం ఇంచుమించు అంత దూరంలోనే ఉంది!

అంత ఎత్తు ఎందుకు? రోదసి నుంచి వచ్చే ఎక్స్-కిరణాలను వాతావరణం అడ్డుకుంటుంది. మన నెత్తిమీది గాలి 10 మీటర్ల లోతు నీటితో సమానమైన బరువు. అంటే మనం ఒక బావి అడుగున ఉన్నట్లే! 40 కిలోమీటర్ల ఎత్తున పైన మిగిలే గాలి 3 సెంటీమీటర్ల నీటితో సమానం. ఎక్కువ శక్తి గల ఎక్స్-కిరణాలు ఆ పలుచని పొరను దాటగలవు. 1968లో హైదరాబాదు నుంచి ఇలా పంపిన పరికరాలతోనే మన శాస్త్రజ్ఞులు వృశ్చికరాశిలోని 'స్కో ఎక్స్-1'ను పరిశీలించారు.

"ఉపగ్రహాలుండగా బెలూన్లెందుకు?" అని అడగవచ్చు. నిజమే, 2015లో శ్రీహరికోట నుంచి ఆస్ట్రోశాట్ వెళ్లింది. ఉపగ్రహం బెలూన్‌కన్నా ఎక్కువకాలం చూడగలదు. కాని దానిలో పరికరం చెడితే చేతితో బాగుచేయలేం. బెలూన్ పరికరం తిరిగి వస్తుంది. లోపం సరిదిద్ది మళ్లీ పంపవచ్చు. ఖర్చూ తక్కువ. కొత్త పరికరాన్ని పరీక్షించడానికి, విద్యార్థులు పని నేర్చుకోవడానికి ఇంతకన్నా మంచి మార్గమేది?

అయితే ఆ పెట్టె ముందుగా చేరేది శాస్త్రజ్ఞుల దగ్గరకు కాదు, చేలో పనిచేసుకునే మన దగ్గరకు. 2022 డిసెంబరులో వికారాబాద్ జిల్లాలో ఈ కేంద్రం నుంచి ఎగిరినదొకటి పొలంలో దిగితే జనం వింతగా చూస్తూ గుమిగూడారు. తెలియని వస్తువును చూసి భయపడటం తప్పు కాదు. ముందే చెప్పకపోవడం మావంటి ఉపాధ్యాయుల తప్పు.

కనుక ఇప్పుడే చెబుతున్నాను. అలాంటి పెట్టె కనిపిస్తే ముట్టుకోకండి. కొన్నింటిలో ప్రమాదకరమైన హెచ్చు వోల్టేజి ఉండవచ్చు. దానిమీద రాసిన చిరునామాకు గాని, దగ్గరి పోలీసు స్టేషనుకు గాని కబురు చేయండి. మనుషులు వచ్చేవరకు పశువులు, చిన్నపిల్లలు దగ్గరకు పోకుండా కాపలా ఉండండి. ఈ రాత్రే ఇంట్లో అమ్మానాన్నలకూ ఈ సంగతి చెప్పండి. చేలో ముందుగా ఉండేది వాళ్లే కదా!