అంట్ల యంత్రానికి తెలుగు రాదు

మా ఇంటికి అంట్లు కడిగే యంత్రం వచ్చి ఏడు నెలలైంది. అందులో మొదటి రెండు నెలలూ అది వంటింట్లో ముద్దాయిలా నిలబడింది. స్టీలు కంచాల మీద తెల్లటి పొర, గాజు గ్లాసులకు మంచు పట్టినట్టు మసక, ఇడ్లీ రేకుల గుంటల్లో ఎండిపోయిన పిండి, కాఫీ గ్లాసుల అడుగు గుంటల్లో నిలిచిన నీళ్లు. మా అమ్మ ఒక్కొక్క కంచాన్నీ కిటికీ వెలుగుకు ఎత్తిపట్టి చూసి, ఏమీ అనకుండా తీసుకెళ్లి మళ్లీ తోమేది. ఆవిడకు డెబ్బై ఎనిమిదేళ్లు. వేళ్ల కణుపులు వాచి ఉంటాయి. ఆ వేళ్లకు కాస్త విశ్రాంతి ఇద్దామనే అంత డబ్బు పోసి దాన్ని తెచ్చుకున్నాం. తీరా చూస్తే ఆవిడ అవే గిన్నెలను రెండోసారి తోముతోంది.

“మన వంటలకు ఇవి పనికిరావండీ” అని చూడవచ్చిన బంధువులందరూ తీర్పు చెప్పి వెళ్లారు. ఈ తీర్పు మీరూ వినే ఉంటారు. మన జిడ్డు వేరు, మన పసుపు వేరు, మన అడుగంటడం వేరు, అది దొరల కంచాలకే గాని మన మూకుళ్లకు కాదు అని. నేనూ కొన్నాళ్లు అలాగే అనుకున్నాను. ఇప్పుడు అనుకోవడం లేదు. యంత్రం పని చేయకపోవడానికి కారణం మన వంట కాదు, దాన్ని నడిపే విద్య మన వంటింటి భాషలోకి రాకపోవడమే అని నా అభిప్రాయం. కొంచెం పెద్ద మాటే అయినా, నా దగ్గర సాక్ష్యాలున్నాయి.

యంత్రంతో పాటు వచ్చిన పుస్తకం ఇంగ్లీషులో ఉంది. దాన్ని చదివినవాణ్ణి నేను. చిన్నప్పటి నుంచి ఈనాటి దాకా నేను తోమిన గిన్నెలు వేళ్ల మీద లెక్కపెట్టవచ్చు. అరవై ఏళ్లుగా అంట్లు తోమిన మా అమ్మా, రోజుకు ఆరిళ్లలో గిన్నెలు తోమే మా పనావిడా ఆ పుస్తకం చదవలేరు. తెలిసినవాళ్లకు చదువు రాదు, చదివినవాడికి పని రాదు. రెండు నెలల తెల్లపొరకు మూలం ఇదే.

మొదట నీళ్ల సంగతి. మేముండేది హైదరాబాదులో, బోరునీటి మీద బతికే అపార్టుమెంటులో. బోరునీటిలో కాల్షియం, మెగ్నీషియం లవణాలు కరిగి ఉంటాయి. వేడి చేసినప్పుడు, ఆరినప్పుడు అవి తెల్లగా పేరుకుంటాయి. ఈ యంత్రంలో ఆ లవణాలను పట్టి ఉంచే గుళికల అర ఒకటి ఉంటుంది. ఆ గుళికలు కాల్షియాన్ని, మెగ్నీషియాన్ని తాము తీసుకుని, బదులుగా సోడియాన్ని నీటిలోకి వదులుతాయి. వాటి దగ్గరి సోడియం అయిపోతే మళ్లీ నింపడానికే యంత్రం అడుగున ఉప్పు పోసే గొట్టం పెట్టారు. మన నీరు ఎంత కఠినమో యంత్రానికి ముందుగా చెప్పాలి కూడా. బిగించడానికి వచ్చిన కుర్రవాడు ఉప్పు పోశాడు, నవ్వాడు, సంతకం పెట్టించుకున్నాడు. నీళ్లు ఎక్కడివని అడగలేదు. మెత్తని నీటికి సరిపోయే కనిష్ఠపు అంకె మీదే వదిలేసి వెళ్లాడు. పుస్తకంలో ఆ పట్టిక ఎక్కడో వెనక పుటల్లో ఉంది. నేను అక్కడికి చేరడానికి ఏడు వారాలు పట్టింది.

అంకె పెంచిన నాలుగో రోజుకు కంచాలు తేటపడ్డాయి. మహా పరిశోధన చేసినవాడిలా ఆ సంగతి మా పనావిడకు వివరించబోయాను. ఆవిడ మధ్యలోనే ఆపి, “గీ నీళ్లకు సబ్బు నురుగే రాదు సారూ. కుక్కర్ల తెల్లగ పడ్తది చూడుండ్రి” అంది. నేను వెనక పుటల్లో వెతికి తెచ్చింది ఆవిడ చేతి వేళ్లకు ఏనాడో తెలుసు. ఎవరూ ఆవిడను అడగలేదు, అంతే.

రెండోది ముందుకడుగు. మా అమ్మకు ఎంగిలి కంచం అలాగే పెట్టెలో పెట్టడమంటే ఒళ్లు జలదరిస్తుంది. అందుకని ప్రతిదీ కుళాయి కింద శుభ్రంగా తొలిచి, ఆ తర్వాత యంత్రంలో పెట్టేది. అది చూసి మా పనావిడ “ముందే కడిగినంక ఇంక గదేం కడుగుతది?” అని అడిగింది. ప్రశ్న చాలా సరైనది. యంత్రంలో వేసే బిళ్లలో ఎంజైములు ఉంటాయి. కొన్ని అన్నపు గంజిని విడగొట్టేవి, కొన్ని పప్పు, పెరుగుల్లోని మాంసకృత్తులను విడగొట్టేవి. వాటి పనికి కాస్త మురికి ఉండాలి, కాస్త సమయం కావాలి, నీరు మరీ మరిగిపోకూడదు. నీటి మురికిని బట్టి తనే నిర్ణయించుకునే పద్ధతిలో పెడితే మరీ ఇబ్బంది. కడిగిన గిన్నెలను చూసి, ఇవాళ పెద్ద పనేమీ లేదని యంత్రం తొందరగా ముగించేస్తుంది. ఆ తొందరలో మూకుడు జిడ్డు అలాగే ఉండిపోతుంది. కావలసిందల్లా మెతుకులూ, కరివేపాకూ, ములక్కాడ పిప్పీ చేత్తో చెత్తబుట్టలోకి రాల్చడం. రాత్రంతా ఎండిన అన్నం గిన్నెనూ, అడుగంటిన పాలగిన్నెనూ మాత్రం నానబెట్టక తప్పదు. ఈ ఒక్క మాట అమ్మకు ఒప్పించడానికి నాకు పట్టిన కాలం, నీటి పట్టిక వెతకడానికి పట్టినదానికంటే ఎక్కువ.

అమరికను గురించి కాస్త ఎక్కువ చెప్పాలి. ఈ యంత్రాన్ని పనికొచ్చే రూపానికి తెచ్చిన ఆవిడ జోసెఫిన్ కాక్రేన్, అమెరికాలో ఇలినాయ్ రాష్ట్రపు షెల్బీవిల్ వాసి. 1886లో ఆవిడకు పేటెంటు వచ్చింది, 1893లో చికాగో ప్రపంచ ప్రదర్శనలో యంత్రాన్ని చూపించింది. ఆవిడ చేసిన మొదటి పని తన ఇంటి పింగాణీ పళ్లేలనూ కప్పులనూ కొలిచి, ఆ కొలతలకు సరిపడా తీగల అరలు కట్టించడం. నేటికీ ఆ అరలు పళ్లేన్నీ కప్పునూ దృష్టిలో పెట్టుకునే ఉంటాయి. అంచు ఎత్తుగా ఉండే మన కంచం ఆ తీగల మధ్య పట్టదు. సాంబారు గిన్నె బోర్లిస్తే నాలుగు పళ్లేల చోటు తినేస్తుంది. ఇడ్లీ స్టాండు సంగతి సరేసరి. కనుక కాక్రేనమ్మ తన పళ్లేలకు చేసిన పనే మనం మన గిన్నెలకు చేసుకోవాలి. మా ఇంట్లో ఆ కొలతలన్నీ మా పనావిడే తీసింది. కంచానికీ కంచానికీ మధ్య ఒక వరస వదిలి పెట్టడం, మూకుడును చివరగా పక్కకు ఒరగబెట్టడం, ఇడ్లీ రేకులను విడదీసి నిలబెట్టడం, గరిటెలను పైఅరలో పడుకోబెట్టడం. ఒకసారి గరిటె కాడ ఒకటి బుట్ట అడుగు నుంచి కిందికి జారి, నీళ్లు చిమ్మే రెక్కను తిరగనివ్వలేదు. గంటన్నర నడిచినా గిన్నెలు ఎంగిలిగానే బయటికొచ్చాయి. అప్పటి నుంచి ఆవిడ తలుపు మూసే ముందు రెక్కను వేలితో ఒకసారి తిప్పి చూస్తుంది. నేను ఇప్పటికీ మరచిపోతుంటాను.

ఆరడం వేరే కథ. చాలా యంత్రాల్లాగే మాదానిలోనూ గాలి కొట్టి ఆరబెట్టే ఏర్పాటు లేదు. చివరి కడుగు వేడినీళ్లతో జరుగుతుంది. ఆ వేడికి గిన్నెల మీది తడి ఆవిరై, చల్లబడే స్టీలు గోడలకు పట్టి కిందికి కారుతుంది. మందంగా ఉండే పింగాణీ చాలాసేపు వేడిని నిలుపుకుంటుంది గనుక బాగా ఆరుతుంది. మన పల్చటి స్టీలు గ్లాసు త్వరగా చల్లబడుతుంది. ప్లాస్టిక్ డబ్బా అసలు వేడినే పట్టుకోదు, తడిగానే వస్తుంది. దీనికి మేము చేసేవి మూడు. గ్లాసులను కాస్త వాలుగా పెడతాం. పని ముగిశాక కాసేపు ఆగి తలుపు బెత్తెడు తెరిచి ఉంచుతాం. తీసేటప్పుడు కిందిఅర ముందు, పైఅర తర్వాత. పైవాటి గుంటల్లో నిలిచిన నీళ్లు కిందివాటి మీద పడకుండా. ఈ మూడోది ఏ పుస్తకంలోనో చదివాను గాని, మా పనావిడ అప్పటికే అలాగే తీస్తోంది. వీటికి తోడు నీటి బొట్టు ముత్యంలా నిలవకుండా పల్చగా పరుచుకుని జారిపోయేలా చేసే ద్రవం ఒకటుంది. అది లేకపోతే మరకలు తప్పవు.

పనికిరాని వాటి సంగతి ఒక్క మాటలో. అల్యూమినియం గిన్నెలు నల్లబడతాయి. ఇత్తడి, రాగి, ఇనుప పెనం, చెక్క గరిటె, రాచ్చిప్ప, వీటికి చేతులే దిక్కు.

ఇక నేను చెప్పదలచుకున్న అసలు మాట. ఇవన్నీ తెలిశాక, ఒక కాగితం మీద తెలుగులో రాసి వంటింటి గోడకు అంటించాలనుకున్నాను. మన అలవాటు తెలుసు కదా, ఇంగ్లీషు మాట కనబడగానే సంస్కృత సమాసం కట్టేయడం. నేను రాసిన తొలి ప్రతిలో ‘జలప్రక్షేపక బాహువులు’, ‘వడపోత సాధనం’, ‘ప్రక్షాళన ద్రవం’ ఉన్నాయి. అమ్మ చదివి “పూజకా?” అని అడిగింది. మా పనావిడ కూడబలుక్కుంటూ తెలుగు చదవగలదు. ఆ బాహువుల దగ్గర ఆగిపోయి నావైపు చూసింది. ఇప్పుడున్న ప్రతిలో అవి రెక్కలు, జల్లెడ. వారానికోసారి జల్లెడ తీసి అందులో ఇరుక్కున్న ఆవాలు దులపాలి, ఇంతే రాశాను.

ఉప్పు మాత్రం నన్ను హెచ్చరించింది. నేను తెలుగు మాటే కదా అని ‘రాళ్లుప్పు’ అని రాశాను. ఆవిడ నిక్షేపంగా వంటింటి డబ్బాలోని దొడ్డుప్పు తీసి పోయబోయింది. సముద్రపు ఉప్పులో కాల్షియం, మెగ్నీషియం లవణాలు ఎంతో కొంత ఉంటాయి. ఏ లవణాలను తీసేయడానికి ఉప్పు పోస్తున్నామో వాటినే మళ్లీ లోపలికి పంపడమవుతుంది. మెత్తటి వంట ఉప్పూ పనికిరాదు, గడ్డకట్టి అడ్డుపడుతుంది. అప్పుడా మాట కొట్టేసి ‘మిషను ఉప్పు’ అని రాశాను. అచ్చతెలుగు కాకపోతే పోయింది, అర్థం తప్పదు. మాట పుట్టించేవాడు ఆ పని చేసేవాళ్ల పక్కన నిలబడి పుట్టించాలని నాకు ఆ పూట తెలిసింది. నిఘంటువు ముందు కూర్చుని ఎన్ని మాటలు కట్టానో తలచుకుంటే ఇప్పుడు సిగ్గేస్తోంది.

అమ్మేవాళ్లకు ఈ పని కష్టం కాదు. పెట్టె మీద బొమ్మలకు పెట్టే ఖర్చులో ఒక్క తెలుగు కాగితం వస్తుంది. కొనేవాడికి ఇంగ్లీషు వచ్చు గనుక అక్కర్లేదని వాళ్ల లెక్క కాబోలు. కొనేవాడూ వాడేవాడూ ఒకరే అనుకోవడంలోనే తప్పుంది.

యంత్రం కొన్నామనగానే అందరూ అడిగిన మొదటి ప్రశ్న “మరి పనిమనిషిని మాన్పించారా?” అని. 2020 లాక్‌డౌన్‌లో పనివాళ్లు రాలేని రోజుల్లో ఎన్నో ఇళ్లలోకి ఈ యంత్రాలు వచ్చాయి. ఆవిడ చేసే ఇళ్లలో రెండు అప్పుడలాగే పోయాయట. మేము మాన్పించలేదు, జీతమూ తగ్గించలేదు. పని సగమయ్యాక జీతం మొత్తం ఎందుకని మా ఆవిడ అడిగింది. తేల్చి జవాబు చెప్పలేకపోయాను. యంత్రం చేత సరిగ్గా పని చేయించే నేర్పు ఇంట్లో ఆవిడకొక్కదానికే ఉందని మాత్రం అన్నాను. మా ఆవిడ కాసేపు ఆలోచించి, “అయితే మీరు నేర్చుకోండి” అంది. ఆదివారాలు ఇప్పుడు నావి.

కాగితం మీద ఒక్క చోటు ఇంకా కుదరలేదు. ఆ ప్రక్షాళన ద్రవానికి మా పనావిడ ‘మెరుపు నీళ్లు’ అని పేరు పెట్టింది. అమ్మ ‘జారుడు నీళ్లు’ అంటుంది, బొట్లు జారిపోతాయి గనుక. ప్రస్తుతానికి రెండూ పెన్సిలుతో రాసి ఉంచాను.