వంకరకాయల వెలి

నేటి గృహస్థుడు అంగడిలో కూరగాయలను కొనుటలేదు. వానికి పెండ్లిచూపులు జరుపుచున్నాడు. సొరకాయ వంగరాదు. టమాటా బుడిపెలు కట్టరాదు. మామిడిపండు తొక్కపై మచ్చ కానరాదు. ఆకృతి యున్నచోట గుణములుండునని సంస్కృతమున నొక నానుడి కలదు. మేడిపండు సంగతి నెరిగిన తెలుగువారు సైతము దానిని కూరగాయల యెడ వేదవాక్యముగ నమ్ముట మాకు వింతగా నున్నది.

కాయ యేల వంకర పోవును? పూవునకు పుప్పొడి చాలినంత యందకున్నను, నీటితడి యొకప్పుడు హెచ్చి యొకప్పుడు తగ్గినను కీరదోసకాయ వంగును. నేలలో రాయి యడ్డుపడినచో క్యారెట్టు రెండుగా చీలును. ఇందువలన రుచికిగాని పుష్టికిగాని కలిగిన లోపమేమి? అల్లమునందు, చింతకాయయందు వంకర నెవ్వడైన తప్పు పట్టెనా?

"అట్లయిన పుచ్చుకాయలను గూడ కొనుమందురా?" యని కొందరు మమ్మడుగవచ్చును. మేమట్లనుట లేదు. కుళ్లినదానిని, పురుగు తొలిచినదానిని విడువవలసినదే. బెండకాయ కొన విరిచి చూచు ముసలమ్మ లేతదనమును పరీక్షించుచున్నది. ఆ పరీక్షకు అర్థము కలదు. వంపును చూచి విసరివేయువాడు దేనిని పరీక్షించుచున్నాడు?

ఈ జాడ్యము మనకు మాత్రమే కలిగినది కాదు. మొదటి తరగతి కీరదోసకాయకు 10 సెంటీమీటర్ల పొడవున వంపు 10 మిల్లీమీటర్లు మించరాదని ఐరోపా ఆర్థిక సంఘము 1988లో శాసించెను. జనులు దానిని చూచి నవ్విరి. తుదకు 2009 జూలైలో 26 రకముల పండ్లకు, కూరగాయలకు అట్టి నిబంధనలు రద్దయ్యెను. అయినను పెద్ద దుకాణములు తమ సొంత కొలతలను విడువలేదు. ఏల విడుచును? శాసనము కాగితముపై నుండెను. వెలివేయు కన్ను కొనువాని మొగమున నుండెను. 2014లో ఫ్రాన్సున ఇంటర్‌మార్షే యను దుకాణసంస్థ వికారపు కాయలను నూటికి 30 వంతుల తగ్గింపు ధరకు అమ్మజూపగా జనులు సంతోషముతో కొనిరి. కాయ మారలేదు; చూపు మారెను.

మన దేశమున 1999లో నాటి ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వము రైతుబజారులను నెలకొల్పెను. నడుమనున్న దళారి తొలగెను గాని యేరుకొను మన చేయి తొలగలేదు. రైతు వంకరకాయకు తక్కువ నీరు పెట్టలేదు. దానిని కోసిన కూలికి తక్కువ కూలి యీయలేదు. మనము ఏరివేసిన కాయ సాయంకాలమునకు వచ్చినంతకు పోవును, లేదా పశువుల పాలగును. ఆ నష్టము మన యిండ్లలో కానరాదు. రైతు పద్దులో కానవచ్చును. తగ్గింపు ధర మేలే యందుము; కాని గుణము సమానమైనప్పుడు ధరయు సమానముగ నుండుటయే న్యాయము.

కత్తిపీటపై తరిగిన పిమ్మట యే ముక్క యే వంకరకాయదో చెప్పగలవారెవరు? చదువరులారా! రేపు సంతకు పోయినప్పుడు కాయను ముట్టి చూడుడు, వాసన చూడుడు, బరువు చూడుడు. వంపు మాత్రము చూడకుడు.