నీళ్ళ కూలరూ, వెయ్యి కిలోల తోతాపురీ

2025 జూన్ నెలలో ఒకరోజు "అమ్మా, ఎయిర్ కూలర్ ఆర్డర్ చేసినా" అన్నాను. మా అమ్మ మొహం వెలిగిపోయింది. తిరుపతిలో మిద్దె పైన ఇల్లు మాది, మధ్యాహ్నం పడక గదిలో రొట్టెలు కాల్చుకోవచ్చు. ఇన్నాళ్ళకి కొడుక్కి బుద్ధొచ్చిందని హాల్లో కిటికీ పక్కన చోటు కూడా ఖాళీ చేసి పెట్టింది పాపం. మూడో రోజు పార్సిలొచ్చింది. విప్పితే రెండు ఇటుకలు నిలబెట్టినంత సామాను.

"ఇదేందిరా ఇంతే ఉండాది? నీళ్ళు యాడ పోయాల?"

"నీళ్ళు పొయ్యకూడదుమా, ఇది మనక్కాదు, కంప్యూటర్‌కి."

ఆ తర్వాత ఆమె ఏమందో ఇక్కడ రాయడం బాగుండదు :)

సరే, అసలు విషయానికొస్తాను. ఆ సామాను నాక్కూడా కాదు. చిత్తూరులో ఉండే మా చిన్నాయన కొడుక్కి. వాడు పెళ్ళి వీడియోలు ఎడిటింగ్ చేస్తాడు. 2024 మొదట్లో ఇంటెల్ ఐ7-12700 ప్రాసెసర్‌తో కంప్యూటర్ కట్టించుకున్నాడు. అప్పుడు కొట్టతను "మన ఎండలకి గాలి కూలర్లు ఆగవు సార్, నీళ్ళదే ఉండాల" అని 240 మి.మీ. లిక్విడ్ కూలర్ ఒకటి పన్నెండు వేలకి అంటగట్టాడు. రంగురంగుల లైట్లు, గాజు తలుపు, చూడ్డానికి బ్రహ్మోత్సవాల్లో సీరియల్ సెట్టింగులా ఉంటుంది. పదహారు నెలలకే దాని పంపు ఆగిపోయింది. "అన్నా, రెండు నిమిషాలు నడస్తాంది, దానంతట అదే ఆరిపోతాంది. పెళ్ళోళ్ళు ఫోన్ మీద ఫోన్ చేస్తాండారు" అని ఏడుపు గొంతుతో ఫోను. వారంటీ ఉంది. కానీ ఊడదీసి పంపాలి, మూడు వారాలు ఆగాలి. పెళ్ళి వాళ్ళు ఆగుతారా?

నన్ను మండించింది ఆ పంపు కాదు. యంత్రమన్నాక చెడిపోతుంది. నన్ను మండించింది "మన ఎండలకి నీళ్ళదే ఉండాల" అన్న ఆ ఒక్క ముక్క. ఇది కొట్టతను ఒక్కడే అనే మాట కాదు. నాతో పనిచేసే ఇంజనీర్లు, పక్కింటి బీటెక్ కుర్రాళ్ళు, యూట్యూబ్ చూసి సలహాలిచ్చే మేధావులు, అందరూ అదే మాట. వినడానికి ఎంత సబబుగా ఉందో, లోపల అంత డొల్ల.

ఎలాగో చెప్తాను. ఇంటర్లో న్యూటన్ శీతలీకరణ నియమం చదివాం కదా (పరీక్ష రాసి మర్చిపోయాం, అది వేరే సంగతి). వేడి వస్తువు నుంచి బయటికి పోయే వేడి, ఆ వస్తువుకీ చుట్టూ ఉన్న గాలికీ ఉండే తేడా మీద ఆధారపడుతుంది. అంటే ప్రాసెసర్ ఇన్ని వాట్లు తింటుంటే, ఈ కూలర్ దాన్ని గది కన్నా ఇన్ని డిగ్రీలు పైన ఉంచుతుంది అని ఒక లెక్క వస్తుంది. కూలర్ గుణమంటే ఆ తేడాయే. మంచి రివ్యూ రాసేవాళ్ళు అందుకే గది ఉష్ణోగ్రత తీసేసి తేడా మాత్రమే ఇస్తారు. వాళ్ళ గది 22 డిగ్రీలుంటే, మన గది 36 ఉంటే, మన ప్రాసెసర్ ఇంచుమించు 14 డిగ్రీలు ఎక్కువ చూపిస్తుంది. గాలి కూలర్‌కీ 14 కలుస్తుంది, నీళ్ళ కూలర్‌కీ అదే 14 కలుస్తుంది. రెండిటి మధ్య తేడా అక్కడ 3 అయితే ఇక్కడా 3 చుట్టుపక్కలే. మరి ఎండ ఎవరి పక్షాన వాదిస్తున్నట్టు? ఎవరి పక్షానా కాదు.

"నీళ్ళు చల్లగా ఉంటాయి కదా" అంటారు. ఇక్కడే మన చలివేంద్రం కుండ మనల్ని మోసం చేస్తుంది. కుండలో నీళ్ళు చల్లబడేది నీళ్ళు కాబట్టి కాదు, మట్టి రంధ్రాల్లోంచి చెమ్మ బయటికొచ్చి ఆవిరైపోతూ వేడిని తీసుకుపోతుంది కాబట్టి. అమ్మ అడిగిన ఎయిర్ కూలరూ అంతే. లిక్విడ్ కూలర్‌లో నీళ్ళు మూసేసిన గొట్టాల్లో తిరుగుతాయి, ఆవిరై బయటికి పోయే దారే లేదు. అవి చేసే పనల్లా వేడిని ప్రాసెసర్ దగ్గర్నుంచి రేడియేటర్ దాకా మోసుకెళ్ళడం. అక్కడ మళ్ళీ ఫ్యాన్లే, మళ్ళీ మన గదిలో గాలే! 36 డిగ్రీల గదిలో అది 36 కన్నా కిందికి దించలేదు. నీళ్ళు కూలీ మాత్రమే, చల్లబరిచే దొర గాలే.

మరి గాలి కూలర్‌లో వేడిని మోసేదెవరు? అదీ నీళ్ళే! వేడిని రేకుల దాకా తీసుకెళ్ళే రాగి గొట్టాల్ని హీట్ పైపులు అంటారు. లోపల గాలి తీసేసి, కాసిన్ని నీళ్ళుంచి మూసేస్తారు. ఒత్తిడి తక్కువ కాబట్టి నీళ్ళు వంద డిగ్రీల దాకా ఆగకుండానే ఆవిరవుతాయి. ఆవిరి చల్లటి కొసకి పోయి, అక్కడ వేడి వదిలేసి నీళ్ళై, గొట్టం లోపలి గరుకు పూత పట్టుకుని దీపం వత్తిలో నూనెలా వెనక్కొస్తుంది. ఇడ్లీ పాత్ర మూత లోపల చుక్కలు పట్టడం చూశారు కదా, ఆ మూతకి అంత వేడి ఎలా వచ్చిందో ఇక్కడా అలాగే. పంపు లేదు, మోటారు లేదు, కరెంటు అక్కర్లేదు. 1963లో అమెరికాలో లాస్ అలమోస్‌లో జార్జ్ గ్రోవర్ దీన్ని పనికొచ్చేలా చేసి చూపించాడు. ఉపగ్రహాల్లో వేడి సర్దడానికి ఇస్రో కూడా హీట్ పైపులు వాడుతుంది. మన తిరుపతి జిల్లాలోనే ఉన్న శ్రీహరికోట నుంచి ఆకాశానికెళ్ళే సామానులో నమ్మిన విద్య, చిత్తూరు పెళ్ళి వీడియోకి చాలదా?

ఇప్పుడు డ్యూయల్ టవర్ సంగతి. రేకుల గోపురాలు రెండు, మధ్యలో ఒక ఫ్యాను, ముందు ఒక ఫ్యాను. ఒకప్పుడు ఇది డబ్బున్నోళ్ళ సామాను. 2014లో వచ్చిన నోక్టువా ఎన్‌హెచ్-డీ15 చాలా ఏళ్ళు దీనికి కొలమానం. దాని రెండో తరం 2024లో 150 డాలర్ల ధరతో వచ్చింది. ఈలోపు థర్మల్‌రైట్ పీర్‌లెస్ అసాసిన్ 120 ఎస్‌ఈ లాంటివి వచ్చి ఆట మార్చేశాయి. ఆరు హీట్ పైపులు, రెండు 120 మి.మీ. ఫ్యాన్లు, 155 మి.మీ. ఎత్తు, అమెరికాలో 35 డాలర్ల దరిదాపుల్లో ధర. మన దగ్గర ఈ రకాలు నాలుగు వేలకి అటూ ఇటూగా దొరుకుతాయి. నేను ఆ తరగతిలోదే ఒకటి కొన్నాను.

డెబ్భై కిలోమీటర్లు బస్సులో ఒళ్ళో పెట్టుకుని పోయి చిత్తూరులో బిగించాను. అంతకు ముందు ఒక పని చేశాను. ప్రాసెసర్ పెట్టెతో ఉచితంగా వచ్చిన చిన్న ఫ్యాను అటక మీద సీలు విప్పకుండా ఉంది, ముందు దాన్ని పెట్టి చూశాను. తర్వాత డ్యూయల్ టవర్. మూడు వారాల తర్వాత నీళ్ళ కూలర్ బాగుపడి వచ్చాక దాన్నీ పెట్టాను. అదే గది, 36 డిగ్రీలున్నప్పుడే, అదే పెళ్ళి వీడియో ఎగుమతి. లెక్కలివి:

ఉచిత ఫ్యాను: 100 డిగ్రీలు తాకి ప్రాసెసర్ తన వేగం తనే తగ్గించుకుంది. 39 నిమిషాలు. మోత మిక్సీలాగా.

నాలుగు వేల డ్యూయల్ టవర్: 82 డిగ్రీలు. 31 నిమిషాలు.

పన్నెండు వేల నీళ్ళ కూలర్: 79 డిగ్రీలు. 31 నిమిషాలు.

ఒక ఇంట్లో ఒక కంప్యూటర్ మీద చేసిన లెక్క, పరిశోధనేం కాదు. కానీ ఒకటి చూడండి. మూడు డిగ్రీల తేడాకి వీడియో ఒక్క నిమిషం కూడా ముందు రాలేదు. ఎందుకంటే ఈ ఇంటెల్ ప్రాసెసర్‌కి హద్దు 100 డిగ్రీలు. హద్దు లోపల 79 అయినా 82 అయినా దానికొకటే. ఉచిత ఫ్యాను నుంచి డ్యూయల్ టవర్‌కి మారితే ఎనిమిది నిమిషాలు మిగిలాయి, అక్కడ పెట్టిన డబ్బుకి అర్థముంది. ఆ పైన ఇంకో ఎనిమిది వేలు పెడితే మిగిలింది లైట్లు.

ఇంకో సంగతి, వాడి కంప్యూటర్ టేబుల్‌లో తలుపున్న అరలో ఉండేది క్యాబినెట్. బయటికి లాగి పెట్టగానే ఆరు డిగ్రీలు తగ్గింది. పైసా ఖర్చు లేదు! పట్టికల్లో ఒకటి రెండు డిగ్రీల కోసం కొట్టుకునేవాళ్ళు ఈ అర తలుపు గురించి ఎందుకు మాట్లాడరో మరి. మన గదులు సంక్రాంతికీ మే నెలకీ మధ్య పదిహేను డిగ్రీలు మారతాయి. ఆ ముందు మూడెంత?

చెడిపోయినప్పటి సంగతి కూడా లెక్కలో ఉండాలి. డ్యూయల్ టవర్‌లో ఒక ఫ్యాను పోతే రెండోదాంతో బండి నడుస్తుంది, ఏడెనిమిది వందలు పెట్టి ఇంకోటి క్లిప్పుతో తగిలించుకోవచ్చు. నీళ్ళ కూలర్‌లో పంపు పోతే మొత్తం పోయినట్టే. హైదరాబాదులోనో చెన్నైలోనో ఉంటే సాయంత్రానికి ఇంకోటి తెచ్చుకోవచ్చేమో. చిత్తూరులో, పెళ్ళిళ్ళ సీజన్లో, ఆర్డర్లు నెత్తిన పెట్టుకున్నవాడికి "చెడిపోతే ఏం చేయాలి" అన్నదే మొదటి ప్రశ్న కావాలి. ఆ ప్రశ్న ఏ పట్టికలోనూ ఉండదు.

నాలుగు వేల సామాను దేవుడిచ్చిన వరమని నేననట్లేదు. ఇబ్బందులున్నాయి. 155 మి.మీ. ఎత్తుకి సన్న క్యాబినెట్లు సరిపోవు, కొనేముందు టేపు పెట్టి కొలుచుకోండి. ర్యామ్‌కి ఎత్తైన రేకులుంటే ముందు ఫ్యాను పైకి జరపాలి. బరువెక్కువ, కంప్యూటర్ ఊరు మారుస్తుంటే ఊడదీసి తీసుకెళ్ళడం మంచిది. మన దుమ్ముకీ, ఊదొత్తుల పొగకీ రెండు మూడు నెలలకోసారి బ్రష్షు పెట్టాల్సిందే. ఇక ఐ7-14700కే లాంటివి 253 వాట్ల దాకా తింటాయి. దాన్ని మే నెలలో ఏసీ లేని గదిలో రోజంతా నూటికి నూరు శాతం తోలితే ఈ కూలర్ చేతులెత్తేస్తుంది. అలాంటివాళ్ళకి 360 మి.మీ. నీళ్ళ కూలర్ నిజంగానే మేలు. లేదా బయాస్‌లోకెళ్ళి 125 వాట్లకి హద్దు పెట్టుకోండి, వేడి తగ్గినంతగా వేగం తగ్గదు. రెండో వైపు, 65 వాట్ల చిన్న ప్రాసెసర్‌తో ఆఫీసు పని చేసుకునేవాళ్ళకి డ్యూయల్ టవర్ కూడా దండగే, ఒక గోపురం చాలు.

ఇంత చెప్పాక "పోనీలే, ఎనిమిది వేలేగా, సాఫ్ట్‌వేర్ వాడివి నీకేం లెక్క" అని ఒక మిత్రుడు నవ్వాడు. నాకైతే లెక్క లేకపోవచ్చు. కానీ ఆ పన్నెండు వేలు పెట్టింది మా తమ్ముడు కాదు, మా చిన్నాయన. బంగారుపాళ్యం వైపు మామిడి తోట ఆయనది. 2025లో తోతాపురి ధర పడిపోతే గుజ్జు ఫ్యాక్టరీలు కిలోకి 8 రూపాయలివ్వాలని, ప్రభుత్వం 4 కలుపుతుందని ప్రకటించారు. మొత్తం కలిపితే 12. ఆ 12 కోసం ట్రాక్టర్ల మీద కాయలేసుకుని ఫ్యాక్టరీ గేట్ల ముందు రైతులు కాసుకున్న ఎండాకాలం అది. నేను కూలర్ బిగిస్తుంటే ఆయన క్యూలోంచి అప్పుడే ఇంటికొచ్చి, మూలన పడున్న నీళ్ళ కూలర్ పెట్టె చూసి "ఇది ఎంతప్పా?" అని అడిగాడు. పన్నెండు వేలన్నాను. ఆయన నోటి లెక్క వేసుకుని "టన్ను కాయ" అన్నాడు. అంతే, ఇంకేం అనలేదు. కాళ్ళు కడుక్కోడానికి పోయాడు.

అప్పట్నుంచి ఎవరు కంప్యూటర్ కడతానన్నా నేను రూపాయల్లో చెప్పడం మానేశాను. డ్యూయల్ టవరంటే మూడొందల ముప్పై కిలోలు, నీళ్ళదంటే వెయ్యి కిలోలు అని చెప్తున్నా. మూడు డిగ్రీల కోసం ఆరొందల డెబ్భై కిలోల కాయలు కోయించి, మోయించి, క్యూలో నిలబడే ఓపిక మీకుంటే నీళ్ళదే కొనుక్కోండి. లైట్ల కోసమే అయితే, మా అమ్మ దగ్గర దీపావళి సీరియల్ బల్బులున్నాయి, ఊరికే ఇప్పిస్తాను.

అన్నట్టు, హాల్లో కిటికీ పక్కన చోటు ఇంకా ఖాళీగానే ఉంది. ఆ సంగతి వేరే చూడాలి.