పెట్టె మొరాయిస్తే... ముందు ఫొటోలు బయటికి!

ముదినేపల్లి, కైకలూరు వైపు చేపల చెరువున్న ఏ రైతునడిగినా చెబుతాడు. తెల్లవారుజామున చేపలు నీటిపైకి వచ్చి నోళ్లు తెరుస్తున్నాయంటే ఆక్సిజన్ చాలడం లేదని అర్థం. ఆ సమయంలో గట్టుమీద కూర్చుని కారణాలు వెతకడు. ముందు ఏరేటర్ తిప్పుతాడు, లేదా ఇంజను పెట్టి నీళ్లు చిమ్మిస్తాడు. నీటి పరీక్ష, మేత లెక్క అన్నీ ఆ తర్వాతే. ఇంట్లో ఫొటోలు దాచుకునే పెట్టె విషయంలోనూ పాటించాల్సిన వరస ఇదే.

ఏమిటా పెట్టె? నెట్‌వర్క్ స్టోరేజీ. పొట్టిగా 'నాస్' అంటారు. ఒకటో రెండో హార్డ్ డిస్కులున్న చిన్న కంప్యూటర్ అన్నమాట. రూటర్‌కు తగిలిస్తే ఇంట్లోని ఫోన్లు, టీవీ, ల్యాప్‌టాప్ అన్నీ దాన్నే వాడుకోవచ్చు. పెళ్లి వీడియోలు, అమెరికాలో ఉన్న మనవల ఫొటోలు, పొలం కాగితాల స్కాన్లు... సర్వం అందులోనే. అలాంటిది ఉన్నట్టుండి బిగుసుకుపోతుంది. లైట్లు వెలుగుతుంటాయి గానీ ఫోల్డర్ తెరుచుకోదు. అప్పుడు చాలా ఇళ్లలో చేసే వైద్యం ఒకటే. ప్లగ్గు పీకి మళ్లీ పెట్టడం! పనిచేస్తుంది కూడా. నాలుగు రోజులకు మళ్లీ అదే కథ.

ప్లగ్గు జోలికి పోవద్దు

డిస్కు ఏదో రాస్తుండగా కరెంటు ఆగిపోతే ఏ ఫైలు ఎక్కడుందో చెప్పే పట్టికే చెదిరిపోవచ్చు. చాలా నాస్‌లలో పవర్ బటన్‌ను కొన్ని సెకన్లు నొక్కి ఉంచితే పద్ధతి ప్రకారం ఆగుతుంది. దానికీ లొంగకపోతేనే ప్లగ్గు. తిరిగి లేచాక మొదటి పని మరమ్మతు కాదు, కాపీ. యూఎస్‌బీ డిస్కు ఒకటి తెచ్చి, మళ్లీ దొరకని వాటిని ముందుగా అందులోకి ఎక్కించాలి. సినిమాలు, పాటలు ఆఖరున. డిస్కు మొత్తాన్ని తనిఖీ చేసే స్కాన్లు కూడా కాపీ పూర్తయ్యాకే మొదలుపెట్టాలి. నీరసించిన డిస్కు ఆ శ్రమకే పూర్తిగా చేతులెత్తేయవచ్చు.

దొంగ ఎవరు?

కాపీ చేతికొచ్చాక నింపాదిగా వెతకవచ్చు. అసలు బిగుసుకున్నది పెట్టేనా, రూటరా? నాస్ అందనప్పుడు అదే వైఫైతో టీవీ, ఫోన్లూ తడబడుతుంటే తప్పు రూటర్‌ది. కేబుల్ మార్చి చూడటం అన్నిటికన్నా చౌకైన పరీక్ష.

తర్వాతి అనుమానం కరెంటు మీద. వోల్టేజీ ఎగుడుదిగుళ్లకు స్టెబిలైజర్ సరిపోవచ్చు గానీ, కరెంటు పోతే అది ఆదుకోదు. కొన్ని ఇన్వర్టర్లు మామూలు మోడ్‌లో ఉంటే, బ్యాటరీకి మారే రెప్పపాటు ఖాళీకే పెట్టె తడబడుతుంది. యూపీఎస్ మోడ్ మీట ఉంటే అది వేయాలి. అంతకన్నా మేలు చిన్న యూపీఎస్. దాన్ని యూఎస్‌బీ తీగతో కలిపితే, చాలా నాస్‌లు బ్యాటరీ అయిపోయేలోగా తమంతట తామే సర్దుకుని ఆగిపోతాయి. పాతబడిన అడాప్టర్‌నూ వదలొద్దు. నిద్రలో ఉన్న డిస్కు తిరగడం మొదలుపెట్టే క్షణంలో ఎక్కువ కరెంటు లాగుతుంది. అడాప్టర్ అంత ఇవ్వలేకపోతే పెట్టె అక్కడే ఆగిపోతుంది.

మూడోది వేడి. మే నెల ఉక్కలో, తలుపులు మూసిన బీరువాలో పెడితే డిస్కుకు గాలెక్కడిది? సెట్టింగుల్లో డిస్కు ఉష్ణోగ్రత కనిపిస్తుంది. 45 డిగ్రీల లోపు ఉంటే నిశ్చింత. 50 దాటుతుంటే ఫ్యాన్‌కు పట్టిన దుమ్ము దులిపి, చోటు మార్చాలి.

ఇక డిస్కు సంగతి. పాడైన చోటును చదవడానికి అది మళ్లీ మళ్లీ ప్రయత్నిస్తుంది. నాస్ కోసం తయారైన డిస్కు సాధారణంగా 7 సెకన్లలో ఆ ప్రయత్నం మాని 'రాలేదు' అని చెప్పేస్తుంది. మామూలు కంప్యూటర్ డిస్కు అంతకన్నా చాలాసేపు తంటాలు పడుతుంది. అంతసేపూ పెట్టె దానికోసం కాచుకుని కూర్చుంటుంది. 'స్మార్ట్' నివేదికలో రీఅలొకేటెడ్, పెండింగ్ సెక్టార్ల అంకెలు పెరుగుతూ పోతుంటే డిస్కు మార్చాల్సిందే.

కొత్త డిస్కు కొనేటప్పుడు ఒక్కమాట అడగాలి: ఇది సీఎంఆరా, ఎస్‌ఎంఆరా? ఎస్‌ఎంఆర్‌లో సమాచారపు వరసలు ఇంటికప్పు పెంకుల్లా ఒకదాని అంచు మీద ఒకటి ఉంటాయి. ఒకటి మార్చాలంటే పక్కవాటినీ కదపాలి. అందుకే ఎడతెగకుండా రాసేటప్పుడు బాగా నెమ్మదిస్తుంది, బిగుసుకున్నట్టే కనిపిస్తుంది. 2020 ఏప్రిల్‌లో వెస్టర్న్ డిజిటల్ సంస్థ నాస్‌ల కోసం అమ్మిన రెడ్ రకంలో 2 నుంచి 6 టెరాబైట్ల డిస్కులు కొన్ని ఈ పద్ధతివేనని ఒప్పుకుంది. నాస్‌కు సీఎంఆర్ మేలు.

అన్నీ బాగున్నా ఆగుతోందా? వేల ఫొటోలు ఒకేసారి ఎక్కించి ఉంటే, ప్రతిదానికీ చిన్నబొమ్మ తయారుచేసే పనిలో మునిగి ఉండవచ్చు. ఒక రాత్రి వదిలేస్తే తేరుకుంటుంది. డిస్కు 90 శాతం దాటి నిండినా నత్తనడకే.

రెండు డిస్కులుంటే చాలా?

'రెండు డిస్కుల్లోనూ ఒకే సమాచారం ఉంది, ఇంక భయమేముంది' అనుకుంటారు చాలామంది. ఒక డిస్కు పోతే రెండోది కాపాడుతుంది, నిజమే. కానీ పిల్లవాడు పొరపాటున ఫోల్డర్ చెరిపేస్తే రెండిట్లోనూ పోతుంది. పిడుగు పడితే రెండూ పోతాయి. 2021 జూన్‌లో ప్రపంచవ్యాప్తంగా ఎందరో ఇళ్లలోని 'మై బుక్ లైవ్' పెట్టెలను ఎవరో ఇంటర్నెట్ నుంచే ఖాళీ చేసేశారు. అప్‌డేట్లు రాని పాత పెట్టెను బయటి నెట్‌కు తెరిచి ఉంచితే ఇలాంటి ముప్పు తప్పదు.

అందుకే కాపీ ఒకటి ఇంట్లో, ఇంకొకటి మరో ఊళ్లో ఉండాలి. 2024 సెప్టెంబరులో బుడమేరు వరద కొల్లేరుకు చేరి లంక గ్రామాలను చుట్టుముట్టింది. అలాంటి రోజున ఒకే గదిలో ఎన్ని కాపీలున్నా ఒక్కటే లెక్క. గుడివాడలో అక్కగారింటి బీరువాలో ఒక డిస్కు ఉంచి, ఏ పండక్కో వెళ్లినప్పుడు కొత్త ఫొటోలు చేర్చుకుంటే చాలు. చేర్చినప్పుడల్లా నాలుగు ఫొటోలు, ఒక వీడియో తెరిచి చూడటం మాత్రం మరవొద్దు. తెరుచుకోని కాపీ ఉన్నా లేనట్టే!