చేతికి సిమెంటు అంటితే ఇజ్జత్ పోతుందా?

బావర్చీఖానాలో సన్‌మైకా గట్టు మేమే పీకి టైల్స్ వేసుకుంటామంటే బిరాదరీలో కొందరు నవ్వారు. "షరీఫ్ ఖాందాన్ వాళ్లు మేస్త్రీ పని చేస్తారా?" అని. అప్పు చేసి గ్రానైట్ వేయిస్తే ఇజ్జత్, సొంత చేతులతో చేసుకుంటే బేఇజ్జతీనా? మనవాళ్లలో ఎన్ని ఇళ్ల పొయ్యిలు మేస్త్రీ మజ్దూరీతోనే వెలుగుతున్నాయి! ఆ హునర్‌ను చిన్నచూపు చూస్తే మన రోటీని మనమే తక్కువ చేసుకున్నట్టు.

అలాగని ఇది ఆసాన్ పని అనను. సన్‌మైకా మీదే టైల్ అతికించెయ్యమనే సలహా వినకండి. దాని కింద ఉండేది చాలాచోట్ల చెక్కపొట్టు బోర్డు. సింకు దగ్గర నీళ్లు తాగి అది ఉబ్బితే పైన టైల్ లేచిపోతుంది. పాత పలక మొత్తం తీసేయండి. గట్టి వాటర్‌ప్రూఫ్ ప్లైవుడ్, దానిపై సిమెంట్ బోర్డు స్క్రూలతో బిగించి, టైల్ గమ్‌తో అతికించండి. కనీసం 24 గంటలు ఆగి సందులు నింపండి. ఎపాక్సీ గ్రౌట్ మహంగానే, కానీ మామూలు సిమెంట్ గ్రౌట్‌లో హల్దీ మరక దిగితే ఓ పట్టాన వదలదు.

ఇందులో కావలసింది సబర్, మెహనత్. నవ్వేవాళ్లను నవ్వనివ్వండి. దిఖావా కోసం చేసిన అప్పుకు కిస్తీలు కట్టేది బిరాదరీ కాదు, మనమే.